అవతలి అంచు పట్టిన మనిషి

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు నేను కొనలేదు. కంపెనీ ఇచ్చింది. అట్ట మీద సూర్యోదయం బొమ్మ. ఇందులో రోజూ మూడు కృతజ్ఞతలు రాయాలట. ఎవరూ చదవరట. ఎవరూ చదవనప్పుడు నాకు తోచింది రాసుకుంటాను, అడ్డొచ్చేదెవరు?

ఒకటి. పొద్దున్నే ఇరవై నిమిషాలు నిలబెట్టి నవ్వమన్నందుకు కృతజ్ఞతలు. రెండు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టినందుకు కృతజ్ఞతలు. మూడోది ఆలోచించే ఓపిక లేదు.

సంగతేమిటంటే, మా లాండ్రీకి ఒక మేడం వచ్చింది. గ్రాటిట్యూడ్ మేడం. ఫ్లోర్ మీద గొడవలు ఎక్కువయ్యాయని, పని మానేసేవాళ్ళు ఎక్కువయ్యారని హెడ్డాఫీసు వాళ్ళు పంపారు. జీతం పెంచితే తగ్గేదానికి మేడంని పంపారు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. కాళ్ళకు తెల్ల బూట్లు. ఆసుపత్రుల మైల బట్టలు దిగే ఫ్లోర్ మీదికి తెల్ల బూట్లేసుకుని వచ్చే మనిషిని ఎలా నమ్మాలి?

షిఫ్టు మొదలవగానే అందరినీ గుండ్రంగా నిలబెట్టింది. చేతిలో గుండె ఆకారంలో ఒక ఎర్ర దిండు. అది ఎవరి చేతికొస్తే వాళ్ళు ఎవరికి థాంక్స్ చెప్పుకోవాలనుకుంటున్నారో చెప్పాలి. అప్పటిదాకా మిగతావాళ్ళు నోరెత్తకూడదు, మేనేజరైనా సరే. రోజంతా దిండు గలీబులు ఉతికే వాళ్ళ చేతికి ఇంకో దిండు.

బాయిలర్ తాత మిషన్లకు థాంక్స్ చెప్పాడు. మడతల సెక్షన్ అమ్మాయి వాళ్ళమ్మకు చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి మేడం గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నా వంతొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. ఫ్యాన్‌కి థాంక్స్ అన్నాను. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, చాలా బ్యూటిఫుల్ అంది.

తర్వాత దిండు మహాతల్లి చేతికి పోయింది. నేనెవరికీ చెప్పుకోవాల్సింది లేదండీ అని పక్కవాళ్ళ చేతిలో పెట్టేసింది. ఆ ఒక్క మాటకు ఆవిడ నాకు నచ్చింది. నచ్చినందుకు ఇంకా మండింది.

మార్చి 4, మంగళవారం

మహాతల్లి అంటే మా ఆయన అన్నగారి భార్య. నా తోటికోడలు. పై వాటా వాళ్ళది, కింది వాటా మాది, మెట్లు ఒక్కటే. మూడేళ్ళుగా మాటల్లేవు.

మా అత్తగారు పోయిన రోజు చుట్టాలంతా కూర్చుని ఉండగా, ఈవిడ ఏడుపు చూడండి, కంట్లో చుక్క లేదు అంది నన్ను చూపించి. నిజమే, లేదు. ఆరు నెలలు మంచంలో ఉన్న మనిషికి కిందా మీదా ఎత్తిపోసింది నేను. నా ఏడుపు అప్పుడే అయిపోయింది. అది తెలిసీ అంది. ఆ రోజు నుంచి అక్కా అన్న పిలుపు నా నోట్లోంచి పోయింది. మెట్ల మీద ఎదురైతే నేను గోడ వైపు, ఆవిడ రెయిలింగు వైపు.

పోనీ పనైనా వేరా అంటే అదీ లేదు. ఒకే మిషన్. పెద్ద ఇస్త్రీ రోలర్ మా ఇద్దరిది. బెడ్‌షీటుకు ఈ అంచు నేను, అవతలి అంచు ఆవిడ. ఇద్దరం ఒక్కసారే అందిస్తేనే షీటు ముడత పడకుండా వేడి రోలర్ల కిందికి పోతుంది. ఈ జత కలిపింది మా సూపర్వైజర్. మాటలున్నవాళ్ళను పక్కపక్కన పెడితే కబుర్లు నడుస్తాయి, మాటల్లేనివాళ్ళను పెడితే షీట్లు నడుస్తాయి అన్నాడు, అందరి ముందూ, మీసం తిప్పుకుంటూ. అతని లెక్క తప్పలేదు. ఫ్లోర్ మొత్తం మీద మా షీట్లే ఎక్కువ.

నాకు కోపమొస్తే అంచు విసురుగా లాగుతాను. ఆవిడకొస్తే ఆవిడ లాగుతుంది. మూడేళ్ళ పోట్లాటంతా ఊరి ఆసుపత్రుల బెడ్‌షీట్ల మీదే నడిచింది.

మార్చి 6, గురువారం

దిండు నా దగ్గరికొచ్చే లోపు బాత్‌రూమ్‌లోకి పోయి కూర్చున్నాను.

మార్చి 10, సోమవారం

గ్రాటిట్యూడ్‌కి ఇరవై నిమిషాలు తీసుకున్నారు కదా, టార్గెట్ తగ్గిస్తారేమో అనుకున్నాం. పిచ్చివాళ్ళం. సాయంత్రానికి పాత లెక్కే రావాలన్నారు. ఎక్కడి నుంచి తెస్తాం?

సూపర్వైజర్ తెచ్చాడు. రోలర్ ముందు అడ్డంగా సేఫ్టీ బార్ ఉంటుంది. వేలు తగిలితే చాలు, మిషన్ ఠక్కున ఆగిపోతుంది. దానికి వేలేదో షీటు మడతేదో తెలియదు పాపం, మందంగా ఏది తగిలినా ఆగుతుంది. మళ్ళీ మొదలెట్టాలంటే కొంత టైము పోతుంది. అందుకని పనికిరాని బెడ్‌షీటు అంచు ఒకటి చింపి, బార్‌ని పైకెత్తి, తన చేతులతోనే గట్టిగా కట్టేశాడు. బాయిలర్ తాత చూశాడు. మడతల అమ్మాయి చూసింది. నేనూ మహాతల్లీ మిషన్ ముందే ఉన్నాం. ఎవరం కిక్కురుమనలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

ఒక్కటి మాత్రం జరిగింది. ఆవిడ ఆ ముడి వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. మూడేళ్ళలో మొదటిసారి. నేను చూపు తిప్పుకున్నాను.

మార్చి 13, గురువారం

మేడం ఇవాళ ధైర్యం గురించి చెప్పింది. కృతజ్ఞత, ధైర్యం ఒకే తల్లి పిల్లలట. నిజంగా కృతజ్ఞత ఉన్నవాడు భయపడడట. ఇల్లు గడవాలన్న భయం లేనివాళ్ళకు ఇలాంటి మాటలు ఎంత తేలిగ్గా వస్తాయో. పక్కన సూపర్వైజర్ తలూపుతూ నిలబడ్డాడు, తద్దినం మంత్రాలకు అర్థం తెలిసినవాడిలా. షీట్లు పెరిగాయని అతనికి హెడ్డాఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చిందట. గ్రాటిట్యూడ్ మహిమ అనుకుంటున్నారు వాళ్ళు.

మార్చి 18, మంగళవారం

పొద్దున్నే షిఫ్టుంది. అయినా రాస్తాను. రాయకపోతే ఎవరినైనా కొట్టేటట్టున్నాను.

పదిన్నర అయ్యుంటుంది. షీటు మూల మడతపడింది. సరిచేద్దామని చెయ్యి పెట్టాను. బార్ ఉంటే అక్కడే ఆగేది. చేతికి వేసుకున్న గ్లవ్ కొస షీటుతో పాటు లోపలికి పోయింది, దాంతో నా వేళ్ళూ పోతున్నాయి. నా కళ్ళ ముందే నా చెయ్యి ఎవరిదో అయినట్టు అనిపించింది.

ఆవిడ తన అంచు వదిలేసింది. ఒక్క అంగలో ఇటొచ్చి నా మణికట్టు పట్టి గుంజింది. గ్లవ్ లోపల ఉండిపోయింది, నా చెయ్యి బయటికొచ్చింది. ఆ ఊపులో ఆవిడ కుడిచెయ్యి వేడి రోలర్ అంచుకు ఆనుకుంది. మూడు వేళ్ళు. ఆ వాసన ఇంకా నా ముక్కులో ఉంది. వెనకాల మడతల అమ్మాయి పరుగెత్తుకొచ్చి స్విచ్ ఆపింది.

ఆవిడ అరవలేదు. నన్ను చూసి, కళ్ళెక్కడ పెట్టుకున్నావే అంది. మూడేళ్ళ తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదీ.

నాకు మణికట్టు మీద కమిలింది, అంతే. ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చూపుడు వేలు వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట.

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. ఫ్లోర్ మీద ఇంతమంది ఉండగా నన్ను లాగడానికి ఈవిడే దొరికిందా? రేపటి నుంచి ఆవిడ ముఖం ఎలా చూడాలి? కొట్టినా పడి ఉండొచ్చు గానీ, మనకు గిట్టనివాళ్ళు మేలు చేస్తే అది మింగుడు పడదు.

మార్చి 19, బుధవారం, ఉదయం

పై వాటాలో అడుగుల చప్పుడు లేదు. రోజూ ఆ చప్పుడంటే చిరాకు నాకు.

అదే రోజు, సాయంత్రం

గ్రాటిట్యూడ్ సర్కిల్ మామూలుగానే జరిగింది. యాక్సిడెంట్ ఇంకా పెద్దది కానందుకు విశ్వానికి థాంక్స్ చెబుదాం అంది మేడం. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బార్ కిందికి దిగి ఉంది. కట్టిన గుడ్డ లేదు. రాత్రికి రాత్రే మాయమైంది.

మార్చి 21, శుక్రవారం

సూపర్వైజర్ లంచ్‌లో పక్కకు పిలిచాడు. టీ తెప్పించాడు. అతను టీ తెప్పించాడంటేనే నాకు అనుమానం వచ్చింది.

వచ్చే శుక్రవారం హెడ్డాఫీసు నుంచి విచారణకు ఒకావిడ వస్తుందట. బార్ ఎవరు కట్టారని అడుగుతుందట. షీట్లు తొందరగా దిగాలని మీ తోటికోడలే కట్టుకుంది, అలా చెప్పు చాలు అన్నాడు. తప్పు ఆవిడదని తేలితే వైద్యం ఖర్చు కంపెనీ ఇవ్వక్కర్లేదు. ఉద్యోగమూ ఉండదు. ఇవన్నీ నాకు పక్కింటి సంగతులు చెప్పినట్టు చెప్పాడు. నాకేమో డిస్పాచ్ టేబుల్ దగ్గర కూర్చుని చేసే పని ఇప్పిస్తాడట.

నేను ఊరుకున్నానని ఇంకా చెప్పాడు. మీకూ ఆవిడకూ పడదని ఫ్లోర్ అంతటికీ తెలుసు కదమ్మా, నీకేం పోయింది అన్నాడు.

అక్కడ అరికాలి మంట నెత్తికెక్కింది. మాటల్లేవని పక్కపక్కన పెట్టి షీట్లు పిండుకున్నాడు. ఇప్పుడు అదే మాటల్లేనితనంతో ఆవిడ కడుపు మీద కొట్టిస్తాడట, నా నోటితో. ఆవిడంటే నాకు కోపమే. అది నా కోపం. నేను కూడబెట్టుకున్నది. వీడెవడు దాన్ని వాడుకోవడానికి?

ఇంత రాస్తున్నానా, అక్కడ మాత్రం ఆలోచిస్తానండీ అని టీ తాగి వచ్చాను.

మార్చి 23, ఆదివారం

బావగారు కిందికి దిగొచ్చారు. నడుం పడిపోయి ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్న మనిషి. మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో. గుమ్మంలోనే నిలబడ్డారు. నీ చెయ్యి ఎలా ఉందమ్మా అని అడిగారు. అంతే. ఇంకేమీ అడగలేదు. వచ్చే శుక్రవారం సంగతి ఆయనకు తెలుసు, ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆవిడ జీతం మీదే పై వాటా నడుస్తోంది. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నేను పోట్లాడేదాన్ని. అడగలేదు. బాగానే ఉంది బావగారూ అన్నాను.

ఆయన పైకెళ్ళాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఎందుకొచ్చిన గొడవ, చూడలేదని చెప్పెయ్ అన్నాడు. చూడలేదంటే అబద్ధం కాదు కదా, మౌనం కదా అన్నాడు. మౌనమే కదా ఆవిడ వేళ్ళు కాల్చింది అన్నాను. అన్నాక ఆ మాట నాకే తగిలింది.

మార్చి 25, మంగళవారం

మేడం ఒక్కతే క్యాంటీన్‌లో కూర్చుని ఉంటే ఎదురుగా పోయి కూర్చున్నాను. అడిగేశాను. మీ ఇరవై నిమిషాల కోసమే బార్ కట్టారు, తెలుసా అని. తెలియదంది. ముఖం పాలిపోయింది. నిజంగానే తెలియదనిపించింది. తెలియకపోవడం కూడా నాకు ఒళ్ళు మండించింది. రోజూ హృదయం తెరవండి అంటుంది, మిషన్ వైపు ఒక్కసారి కళ్ళు తెరిచి చూడొచ్చు కదా.

మరి మీరు సర్కిల్‌లో చెప్పొచ్చు కదా అంది చిన్నగా. చెప్పడానికి మీకేం, మీకు తెల్ల బూట్లున్నాయి అన్నాను. లేచి వచ్చేశాను. ఆ మాట అని ఉండాల్సింది కాదేమో. అన్నాను.

మార్చి 27, గురువారం

భయంగా ఉంది. నా ఉద్యోగం కూడా పోతే కింది వాటా, పై వాటా రెండూ ఒకేసారి మునుగుతాయి. మిగతావాళ్ళను కదిపి చూశాను. బాయిలర్ తాత రిటైర్మెంట్ దగ్గర పడిందమ్మా అన్నాడు. మడతల అమ్మాయి నేల చూపులు చూసింది. వాళ్ళను తిట్టుకోవాలంటే ముందు నన్ను తిట్టుకోవాలి. ఆ ముడి కడుతుంటే నేనూ చూస్తూ నిలబడ్డాను.

మార్చి 28, శుక్రవారం

హెడ్డాఫీసు ఆవిడ పొద్దున్నే వచ్చింది. విచారణకు ముందు మీ సర్కిల్ చూస్తానంది. మేనేజర్ పొంగిపోయాడు. అందరం గుండ్రంగా నిలబడ్డాం. దిండు బయల్దేరింది.

నా చేతికి వచ్చింది. విచారణలో గదిలోకి పిలిచి అడుగుతాం, అప్పుడు చెప్పండి అని పొద్దున్నే మేనేజర్ అన్నాడు. గదిలో అయితే నేను, హెడ్డాఫీసు ఆవిడ, సూపర్వైజర్, మేనేజర్. అక్కడ నా మాట తలుపు దాటదు. అది నాకు అప్పుడే తట్టింది, దిండు చేతిలో ఉండగా.

నేను సూపర్వైజర్ గారికి థాంక్స్ చెప్పాలి అన్నాను. అతను నవ్వాడు. మిషన్ బార్‌ని ఆయనే స్వయంగా, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా, బెడ్‌షీటు అంచుతో కట్టినందుకు అన్నాను. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, తీసుకోవడం మర్చిపోయాడు. ఆ తప్పు మా తోటికోడలి మీద వెయ్యమని నాకు టీ ఇప్పించినందుకు కూడా అన్నాను. మేనేజర్, ఇది దానికి సమయం కాదమ్మా అని అందుకోబోయాడు. దిండు ఆవిడ దగ్గరుంది సార్ అంది మేడం. ఒక అడుగు ముందుకేసి మరీ అంది.

అప్పుడు ఇంకో మాట చెప్పాలి. అసలు మాట అదే. అది రాలేదు. సూపర్వైజర్‌ని తిట్టడానికి వచ్చిన గొంతు ఈ మాటకు రాలేదు. ఆ దిండు పిసుక్కుంటూ నిలబడ్డాను. మా అక్క లేకపోతే ఈ చెయ్యి లేదు అన్నాను చివరికి. మా అక్క. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిలుపు. ఆవిడకు నేనెప్పుడూ థాంక్స్ చెప్పలేదు, ఆవిడ ఇక్కడ లేదు కాబట్టి మీ అందరి ముందూ చెబుతున్నాను అన్నాను. కోపంతోనే అన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

దిండు పక్కకు ఇచ్చాను. ఆ పక్కావిడ ఫ్యాన్‌కి థాంక్స్ చెప్పింది. ఆ పక్కతనూ ఫ్యాన్‌కే చెప్పాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మూడో మనిషి మడతల అమ్మాయి. నేను కూడా చూశాను, సారే కట్టారు అంది. చెప్పి ఏడ్చింది, ఆ పిల్లకు ఏడుపు ముందే ఉంటుంది. బాయిలర్ తాత దిండు రెండు చేతులా పట్టుకుని, చూశాను అన్నాడు. ఒక్క మాటే.

మార్చి 31, సోమవారం

సూపర్వైజర్‌ని సెలవు మీద పంపారు. బార్‌ని మళ్ళీ ఎవరూ పైకెత్తి కట్టకుండా తాళం వేశారు. అక్క వైద్యం ఖర్చు కంపెనీదేనట, ఉద్యోగం ఉంటుందట. నన్ను మైల బట్టల సెక్షన్‌కు మార్చారు, టెంపరరీ అన్నారు. కోపం చల్లారలేదు. అబద్ధానికి సూపర్వైజర్ డిస్పాచ్ టేబుల్ ఇస్తానన్నాడు, నిజానికి మేనేజర్ మైల బట్టలు ఇచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేశాను.

గ్రాటిట్యూడ్ మేడంని మాన్పించేశారు. గేటు దగ్గర నా కోసం నిలబడింది. మనసులో మాట చెప్పండి అని నాలుగేళ్ళుగా ఎన్నో కంపెనీల్లో చెబుతున్నాను, నిజంగా చెప్పింది మీరొక్కరే, నాకు చాలా భయం వేసింది అంది. నాకూ వేసిందమ్మా అన్నాను. ఆ అమ్మాయి మీద కోపం ఉంచుకుందామని చూశాను. నిలవలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

పైకి వెళ్ళాను. మూడేళ్ళ తర్వాత ఆ తలుపు కొట్టాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది, చేతికి పెద్ద కట్టు. చూపుడు వేలు ఇక పూర్తిగా వంగదట.

థాంక్స్ అన్నాను. ఎదురుగా చెప్పాలి కదా అని. ఆవిడేమందో తెలుసా, నీ కోసం లాగలేదే, చెయ్యి కనపడింది, లాగాను, ఎవరి చెయ్యైనా లాగేదాన్ని అంది. ఒళ్ళు భగ్గుమంది. ఉద్యోగం ఒడ్డి నలుగురిలో నిలబడి చెప్పి వస్తే ఇదా మర్యాద? అయితే ఆ రోజు అత్తగారి దగ్గర అన్న మాట వెనక్కి తీసుకో అన్నాను. తీసుకోను, నీ కంట్లో చుక్క లేదు, ఉన్నమాటే అన్నాను అంది.

నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, నా కంట్లోనూ లేదు, నా వైపు ఎవరూ చూడకుండా ఉండాలని నిన్ను చూపించాను అంది.

మెట్ల మీద కూర్చుండిపోయాను. తిట్టాలో, నవ్వాలో తెలియలేదు. కానీ ఆవిడ నా కోసం లాగలేదన్న మాట తిరిగి తిరిగి గుర్తొస్తోంది. ఇష్టమున్న మనిషిని ఎవరైనా లాగుతారు. ఎవరి చెయ్యైనా లాగేదాన్ని అన్న మనిషి ముందు నేను చిన్నదాన్నయిపోయాను. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది, కానీ అదే నిజం.

ఏప్రిల్ 5, శనివారం, ఉదయం

కట్టున్న చేత్తో తల దువ్వుకోలేక అక్క జుట్టు చిక్కులు కట్టింది. ఎవరూ పిలవకుండానే వెళ్ళి వెనక కూర్చుని జడ వేశాను. అంత గట్టిగా లాగుతావేమే అని తిట్టింది. ఇంకా గట్టిగా లాగాను. అక్క తల కదపలేదు.